త్రాడు పట్టినవారు

కర్నూలు జిల్లాలో, గుత్తికి సుమారు 8 మైళ్ల దూరమున, ఎఱ్ఱగుడి యను పల్లె కలదు. ఆ పల్లెచెంత బండలపై అశోకచక్రవర్తి క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దిలో చెక్కించిన ధర్మశాసనములు నేటికిని నిలిచియున్నవి. వానిలో ఒకదానియందు కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచుచున్నవి. దుక్కిటెద్దులు చాలు చివర మరలి వచ్చినట్లే అక్షరములును మరలి వచ్చినవి. ఆ శాసనమున రాజాజ్ఞను జనపదములకు వినిపింపవలసిన యుద్యోగి యొకడు పేర్కొనబడినాడు. అతడు రజ్జుకుడు. రజ్జువనగా త్రాడు, త్రాడు పట్టి భూమిని కొలుచువాడు గనుక అతనికి ఆ పేరు వచ్చెనని పండితులు చెప్పుదురు. ఉత్తరదేశపు స్తంభశాసనములలో అశోకుడు ఈ రజ్జుకులను లక్షలాది ప్రజలపై నియమించినట్లు చెప్పుచు, నేర్పరియైన దాదికి బిడ్డనప్పగించిన తలిదండ్రుల నిశ్చింతతో తన నిశ్చింతను పోల్చియున్నాడు.

త్రాడు పట్టినవానిని దాదితో పోల్చుట గొప్ప మాట. లోకము మాత్రము ఆ మాటను నిలుపుకొనలేదు. ఆనకట్టకు కట్టించిన దొర పేరు నిలుచును. కాలువకు ప్రారంభోత్సవము చేసినవారి పేరు శిలాఫలకమున నిలుచును. ఆ నీరు ఏ మెరక వెంట నడువవలెనో, ఏ యూరు మునుగునో, ఏ యూరు దక్కునో ముందుగ ఎండలో నిలిచి కొలిచినవాని పేరు ఏ ఫలకమునను కానరాదు. తెనుగుదేశమున అట్టివారి కథ పెద్దది. అందు కొంత మాత్రమే ఇచ్చట చెప్పబడుచున్నది.

పూర్వము భూమిని గడతోను, కోలతోను కొలిచెడివారు. గడ పొడవు సీమకొక తీరుగ నుండెడిది. శాసనములలో దేవాలయముల మాన్యములను మర్తురులతో చెప్పుటయు, విత్తనపు కొలతనుబట్టి పుట్లు, తూములతో చెప్పుటయు కలదు. లెక్క నేర్చుకొనుటకు పావులూరి మల్లన తెనిగించిన గణితముండెను. మహావీరాచార్యుల సంస్కృత గ్రంథము దానికి మూలము. అందలి క్షేత్రగణితము పలుతరముల కరణములకు ఉపజీవ్యమైనది. దస్త్రము వ్రాయువానికి పద్యము కూడ తెలియవలెనని పెద్దలు ఏల కోరిరో దీనినిబట్టి ఊహింపవచ్చును.

కొలత యొక్క విలువ నెఱిగినవారు చెఱువులు కట్టించిన రాజులు. కడపజిల్లా పోరుమామిళ్ల చెఱువు గట్టున 1369వ సంవత్సరపు శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. దినమునకు వేయిమంది పనివారును, నూఱు బండ్లును, రెండు సంవత్సరములు పనిచేసినట్లు అందు చెప్పబడినది. అంతకంటె విలువైన సంగతి వేఱొకటి కలదు. చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను ఆ శాసనము లెక్కించుచున్నది. రాజు ధర్మబుద్ధి మొదలగువానితోపాటు జలశాస్త్ర మెఱిగిన విద్వాంసుడును, కట్టుపనిలో నేర్పుగల పనివారి బలగమును ఆ పండ్రెండింటిలో చేరియున్నవి. పిమ్మట ఆఱు దోషములు చెప్పబడినవి. చెఱువు నడుమ తాబేటి వీపువలె మెరక యుండుట ఒక దోషము. నీరు కొంచెమై నేల విస్తారమగుట ఒకటి. నేల కొంచెమై నీరు విస్తారమగుట మఱియొకటి. ఈ మూడును గట్టు వేయకముందు కొలిచి చూచినవానికే తెలియును. గట్టు వేసిన పిమ్మట తెలిసికొనువానికి చేయగలిగినదేమియు లేదు.

గుత్తి పేరు ఈ కథలోనికి మరల వచ్చుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది. 1802 ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి చెన్నపట్టణమున పరంగికొండ చెంత ఒక సరళరేఖను కొలుచుట కారంభించెను. దాని పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. దానిని కొలుచుటకు 57 దినములు పట్టినది. ఇంత యాలస్యమేల యని నవ్వుకొనువా రుందురు. ఉక్కు ఎండకు సాగును, చల్లదనమునకు ముడుగును. అందువలన నూఱడుగుల ఉక్కుగొలుసును కొయ్యతొట్లలో పఱచి, పైన నీడ కల్పించి, ప్రక్కన ఉష్ణమాపకములుంచి, ప్రతి కొలతకును వేడిమిని వ్రాసికొని సవరింపవలసి వచ్చినది. ఆ గొలుసు మొదట చీనా చక్రవర్తికి కానుకగ పంపబడినదట. అతడు దానిని స్వీకరింపలేదు. చీనాకు పనికిరాని గొలుసు దక్షిణదేశమును కొలిచినది!

ఒక భుజము సరిగ తెలిసినచో దాని రెండు కొనలనుండి దూరపు కొండను చూచి కోణములు కొలిచి, తక్కిన భుజములను గొలుసు లేకయే గణింపవచ్చును. ఆ భుజముపై మఱియొక త్రిభుజము, దానిపై మఱియొకటి. ఇట్లు త్రిభుజముల పంక్తి కన్యాకుమారినుండి హిమాలయముల దిక్కుగ సాగినది. నడుమ నడుమ లెక్క తప్పలేదని రుజువు చూచుకొనుటకు మరల నేలపై గొలుసు పఱవవలెను. అట్టి రుజువురేఖలలో ఒకటి 1811లో గుత్తి ప్రాంతమున కొలువబడినది. రజ్జుకుని పేరు చెక్కిన బండకు ఇంత చేరువలో గొలుసు పఱచినవారికి ఆ బండ సంగతి తెలియదు. ఎఱ్ఱగుడి శాసనములను 1920వ దశకము చివర ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు కనుగొనువఱకు లోకమెవ్వరికిని తెలియదు.

ఆ పనిలో యంత్రము భారము అర్ధటన్ను. దానిని కొండలపైకిని, గోపురములపైకిని మనుష్యులే మోసిరి. 1808లో తంజావూరు గోపురముపైకి లాగునపుడు త్రాడు తెగి యంత్రము గోడకు తగిలి దెబ్బతినగా, లాంబ్టన్ వారములతరబడి డేరాలో కూర్చుండి తన చేతులతో దానిని బాగుచేసికొనెను. 1819లో అతని సహాయుడు జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవులలో వర్షకాలమున కొలతకు పోయెను. శిబిరమంతయు జ్వరమున పడినది. హైదరాబాదునుండి ఏనుగులను, డోలీలను పంపి వారిని తీసికొనిరావలసి వచ్చినది. దారిలో కొందఱు మరణించిరి. ఎవరెస్టు ఆరోగ్యము కుదుర్చుకొనుటకు ఆఫ్రికా దక్షిణాగ్రమునకు పోయెను, పేరు పర్వతశిఖరమున కెక్కినది. దారిలో మరణించిన జెండామనుష్యుల యూరు పేరైనను చరిత్రపుస్తకములలో లేదు. పాలకుల యుద్దేశము శిస్తును, సైన్యముల రాకపోకలును గదా యని వాదింపవచ్చును. అది నిజమే. కాని కొండపై జెండా పట్టుకొని నిలిచినవానికి వచ్చినది నెలజీతము మాత్రమే.

దేశపటము వేఱు, కాలువకొలత వేఱు. పటమునకు దూరము ప్రధానము. కాలువకు ఎత్తు ప్రధానము. ఈ రెండవ విద్యకు మనదేశమున పెద్దపరీక్ష గోదావరి మండలమున జరిగినది.

గోదావరి కృష్ణా నదుల నీటిని పొలములకు మరల్పవచ్చునా యని మొదట మట్టములు చూచినవాడు మైకేల్ టాపింగ్. అతడే 1794లో చెన్నపట్టణమున అనాథబాలురను చేర్చుకొని సర్వే పాఠశాల నొకదానిని పెట్టించెను. అదియే కాలక్రమమున గిండీ ఇంజనీరింగు కళాశాలయైనది. టాపింగ్ 1796లో మచిలీపట్టణమున మరణించెను. పని కాగితములలో నిలిచిపోయినది. నడుమ నందన నామ సంవత్సరపు కరవు వచ్చినది. 1839లో కోరంగి తుపాను వచ్చినది. 1821లో 7,38,308గ నుండిన రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగినది. ప్రతి నలుగురిలో ఒకరు లేకపోయిరన్నమాట. నది నిండుగ పాఱుచుండగనే ఇది జరిగినది. ఆర్థర్ కాటన్ తన నివేదికను వ్రాసినది ఈ స్థితిలో. 1847లో ఆరంభమై 1852 నాటికి ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములను కలుపుచు ఆనకట్ట లేచినది. వీణెము వీరన్న కూలీలను సమకూర్చి పనిని నడిపించెను. వీరిద్దఱి పేర్లును గోదావరి ప్రజలు మఱువలేదు, మఱువకుండుట న్యాయమే.

ఆనకట్ట నీటిని నిలుపును. నడిపించునది వాలు. గోదావరి డెల్టాలో నేలవాలు సముద్రమువైపు సుమారు మైలుకు ఒక అడుగు మాత్రమే. అది కంటికి కానరాదు. కంటికి బల్లపఱుపుగ కనబడు నేలలో మెరక యేదో పల్లమేదో తేల్చుట లెవెలు యంత్రమునకే సాధ్యము. ఈ డెల్టాలో ఇంకొక విశేషము కలదు. వరదలు తెచ్చిన ఒండ్రు ఏటిప్రక్కనే ఎక్కువగ పేరుకొనుటచే గట్టుచెంత నేల మెరక. గట్టునుండి దూరము పోయినకొలది పల్లము. అందువలన పంటకాలువలను నదిచెంతనుండు మెరకల వెంట నడపి, మురుగుకాలువలను నడుమనుండు పల్లములలో త్రవ్విరి. కొత్తవానికి ఇది విపరీతముగ తోచును. మెరక పట్టుకొన్న కాలువయే ఇరువైపులకు నీరీయగలదు.

లెవెలు యంత్రమనగా దూరదర్శినికి బుడగ గల గాజుగొట్టమును జతచేసిన సాధనము. బుడగ నడుమ నిలిచినపుడు చూపు సమమట్టమున నుండును. మట్టము ముందే తెలిసిన రాతిపై ఒకడు అంకెలు గీసిన కఱ్ఱను నిలువుగ పట్టును. యంత్రము చెంతనున్నవాడు అంకె చదివి వ్రాసికొనును. ఇది వెనుకచూపు. కఱ్ఱవాడు యంత్రమును దాటి ముందుకు పోయి నిలుచును. ఇది ముందుచూపు. రెండంకెల భేదమే రెండు తావుల ఎత్తులోని భేదము. పిమ్మట యంత్రము కదలును, మరల కఱ్ఱ కదలును. ఇట్లు మైళ్లకొలది. చిట్టాపుట చివర వెనుకచూపుల మొత్తమునుండి ముందుచూపుల మొత్తమును తీసివేసినచో వచ్చు శేషము, మొదటి మట్టమునకును కడపటి మట్టమునకును గల భేదముతో సరిపోవలెను. జమాఖర్చు వ్రాసినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. అయితే ఇది కూడికలోని తప్పును పట్టునుగాని, చదువుటలోని తప్పును పట్టదు. కఱ్ఱ ఒరిగినను, అడుసులో దిగినను, నాలుగును ఏడుగ చదివినను పుట సరిపోవుచునే యుండును. దానికి ఉపాయమొక్కటే: మరల నడచి, బయలుదేరిన రాతికే వచ్చి చేరి, మట్టము కలిసినదా లేదా చూచుకొనుట. ఎండలో రెండవమాఱు నడువనొల్లక చెట్టునీడను కూర్చుండి అంకెలు కుదుర్చువాడు అన్ని కాలములందును ఉండును. మైలుకు అడుగు వాలు గలచోట మూడంగుళముల తప్పు పావుమైలు వాలును మ్రింగివేయును. ఆ సంగతి కుదిర్చినవానికి తెలియదు. శివారు రైతునకు తెలియును.

వైనతేయ పాయమీదుగ నగరము లంకకు నీటిని దాటించిన గన్నవరము అక్విడక్టు ఈ విద్యకు గొప్ప యుదాహరణము. హేగ్ అను పడుచు ఇంజనీరు దానిని 49 ఖానాలతో కట్టెను. ఏటిపై ఏఱు నడువవలెనన్నచో ఈ యొడ్డున నీటిమట్టమెంతయో, ఆవలి యొడ్డున పొలముల మట్టమెంతయో అంగుళములలో తెలిసియుండవలెను. ఆ కొలత చేసిన వేసవిలో ఇసుకతిప్పలపై కఱ్ఱ పట్టినవారెవరో తెలియదు. నీరు మాత్రము దాటినది.

గ్రామములకు బాగుగ తెలిసిన కొలత గొలుసుకొలత. చెన్నరాజధానిలో 1858లో రెవెన్యూ సర్వే ఆరంభమైన పిమ్మట ప్రతి కమతమునకు నంబరును, మూలలకు రాళ్లును వచ్చినవి. గంటరు గొలుసు పొడవు 66 అడుగులు, అందు నూఱు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. వేయి చదరపు లింకులు ఒక సెంటు. ఇంత చక్కని లెక్క మఱియొకటి లేదు. కాని లెక్క చక్కనిదైనను గొలుసు ఇనుముదే. తుప్పలలో ఈడ్చి యీడ్చి కడియములు అరిగి, నూఱు లింకుల గొలుసు ఒక లింకు సాగినచో, దానితో కొలిచిన నూఱెకరములలో సుమారు రెండెకరములు కాగితముపై మాయమగును. గొలుసును వదులుగ పట్టినచో లేని నేల పుట్టుకొనివచ్చును. అందుకే నిక్కమైన సర్వేయరు ఉదయమున పొలమునకు పోకముందు గొలుసును కొలుచుకొనెడివాడు. పొరుగురైతులిద్దఱు గట్టుకొఱకు తలలు పగులగొట్టుకొన్న యభియోగములలో ఎన్నింటికి మూలము అరిగిన కడియమో!

స్వాతంత్ర్యానంతరము పెద్ద కట్టడములు వచ్చినవి. కృష్ణపై నందికొండచెంత 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ 203 కిలోమీటర్లు, ఎడమకాలువ 179 కిలోమీటర్లు. నీరు తనంత తాను నడువవలెను గనుక ఆ కాలువలు కొండల మొలచుట్టు వడ్డాణమువలె మట్టము తప్పక మెలికలు తిరిగినవి. ఒక్కొక్క మెలిక వెనుకను ముండ్లపొదలు నఱకుకొనుచు పోయిన లెవెలుజట్టు కలదు. నీటిమట్టపు గీత అచ్చట ఇక్ష్వాకుల విజయపురికిని గండమైనది. నీరు రాకముందే, 1954 మొదలు 1960 వఱకు, పురాతత్త్వశాఖవారు లోయను త్రవ్వి, కొలిచి, కొన్ని కట్టడములను కొండపైకి తరలించిరి. గీతకు క్రిందనుండిన పల్లెలవారు కూడ తరలవలసి వచ్చినది.

నేడు గొలుసు పోయినది. బాటలప్రక్కను, రైలుదారులపొంతను ముక్కాలిపీటపై యంత్రము నిలిపి చూచుచుండు యువకులను అందఱును చూచుచునే యున్నారు. ఉపగ్రహముల సంకేతములనందుకొను గుండ్రని తలగల కఱ్ఱను మన పల్లెలలో రోవరనుచున్నారు. నాలుగు ఉపగ్రహములైనను కనబడనిదే అది తావు చెప్పలేదు. ఒంటరిగ విడిచినచో కొన్ని గజములు తప్పును. ఎల్లవేళల ఒకేచోట నిలిచి యుపగ్రహముల మాట వినుచుండు స్థిరకేంద్రముల సవరణ తోడైనచో తప్పు అంగుళమునకు దిగును. 2020 డిసెంబరు 21న కృష్ణాజిల్లా తక్కెళ్లపాడున ఆరంభమైన ఆంధ్రప్రదేశపు భూముల రీసర్వే ఈ రోవర్లతోను, డ్రోనులతోను నడచినది. విస్తీర్ణములు తగ్గినవని పలుచోట్ల రైతులు ఫిర్యాదు చేసిరి. డ్రోనుకు గట్టు కనబడును. ఆ గట్టు ఎవరిదో కనబడదు. దానిని చెప్పుటకు ఇరుపొలములవారును గట్టుపై నిలువవలెను, వారితో సర్వేయరును నిలువవలెను. ఆ నిలువవలసిన గంటను తగ్గించు యంత్రమింకను రాలేదు.

ఎత్తు విషయమున ఒక వింత కలదు. ఉపగ్రహము చెప్పు ఎత్తు సముద్రమట్టమునుండి లెక్కించినది కాదు. భూమిని నున్ననైన గ్రుడ్డు ఆకారముగ భావించి, ఆ యూహాతలమునుండి లెక్కించినది. మన తీరమున సముద్రము ఆ తలమునకు 60 మీటర్లకు పైగా క్రిందనున్నది. సవరణ చేయనిచో కాకినాడ తీరమున నిలిచిన రోవరు, నిలిచినవాడు పాతాళముననున్నట్లు చూపును. పైగా ఆ భేదము తావుతావునకు మాఱును. నీరు ఎటు పాఱునో నిర్ణయించునది భూమ్యాకర్షణము. గ్రుడ్డు ఆకారము కాదు. కనుకనే ఆకాశమునుండి కొలుచు ఈ దినములలోను కాలువపని వచ్చినచోట పాత లెవెలు యంత్రమును, అంకెల కఱ్ఱయు ఇంకను బయటికి వచ్చుచున్నవి.

పోలవరమున ఈ విద్య ఎంత బరువైనదో తెలిసినది. ఆ జలాశయపు పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. మొదటి దశలో 41.15 మీటర్లవఱకు, అనగా 135 అడుగులవఱకు, నీరు నిలుపుదురని నిర్ణయించి, ఆ మట్టపు గీతకు లోపలనుండు గ్రామములకు ముందుగ పరిహారమును పునరావాసమును కల్పింప బూనిరి. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు మండలముల పల్లెలలో కోయలును, కొండరెడ్లును పెక్కుమంది. గీత అడవిలో గీసినది కాదు, పటముపై గీసినది. ఒకే యూరిలో ఒక వాడ లోపల, ఒక వాడ వెలుపల పడుట జరిగినది. లోపలివానికి ఇల్లు పోవునను దుఃఖము, దానికి పరిహారము. వెలుపలివానికి రెండును లేవు.

2022 జూలైలో గోదావరికి పెద్దవరద వచ్చినది. భద్రాచలమున నీరు 70 అడుగులు దాటినది. గీతకు వెలుపలివని వ్రాయబడిన పల్లెలును మునిగినవి. జనులు కొండలపై కెక్కి టార్పాలినుల క్రింద దినములు గడిపి, తమ యిండ్ల మట్టము మరల కొలువవలెనని పట్టుబట్టిరి. వరదనీరు ఆనకట్ట నిలిపిన నీరు కాదు, రెండింటి మట్టములు వేఱు అని ఇంజనీర్లు చెప్పు మాట శాస్త్రరీత్యా సరియైనదే. గోడపై బురదచార చూపుచున్నవానికి ఆ మాట చాలదు. పిమ్మట లైడార్ కొలత జరిగినది. ఆకాశమునుండి కాంతిని నేలపైకి విడిచి, అది తిరిగివచ్చు కాలమునుబట్టి ఎత్తు గణించు పద్ధతి అది. చెట్ల ఆకులసందులనుండి జాఱిన కాంతి నేలను తాకి వచ్చును గనుక అడవిలోను మట్టము తెలియును. అయినను ఆ యెత్తులను నేలకు ముడిపెట్టుటకు మనుష్యులు పోయి, గుర్తులు నాటి, వాని మట్టములు కొలిచి రావలెను. ఆ కొలత పిమ్మట, మునుపు వెలుపలివని వ్రాయబడిన మఱికొన్ని జనావాసములు 41.15 గీతలోపలికి వచ్చినవి.

ఊళ్లు కదలలేదు, కొండలు కదలలేదు, గీత కదలినది. ఆ మండలములలో నేడు పిల్లలు కూడ రెండంకెలను దశాంశములతో సహా చెప్పగలరు. ఈ యంకెకు లోపలనా, ఆ యంకెకు లోపలనా యని అడిగి, తమ గడపను చేతితో చూపుదురు.